ఏడో అతుకు

గొట్టాల పని చేసేవాళ్ళలో అతన్ని అందరూ పెన్సిల్ అనే పిలుస్తారు. కుడి చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిల్ ఉంటుంది. స్నానానికి వెళ్ళేటప్పుడు కూడా అది దిగదని వాళ్ళావిడ ఫిర్యాదు. పాతికేళ్ళుగా ఇళ్ళల్లో గ్యాస్ గీజర్లు బిగించడం అతని పని. గీజర్ బిగించడమంటే ఒక డబ్బాని గోడకు తగిలించి పోవడమే అనుకుంటారు జనం. డబ్బా ఎవరైనా తగిలిస్తారు. అసలు పనంతా గొట్టాల్లో ఉంది. గ్యాస్ మండిన పొగ చివరి రవ్వ దాకా ఇంటి బయటికి పోవాలి. ఆ పొగలో ఒక విషం ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. కూర్చున్న మనిషిని కూర్చున్నట్టే నిద్రపుచ్చి తీసుకుపోతుంది.

అందుకే అతనికొక పద్ధతి ఉంది. ముందు గొట్టాలన్నీ జిగురు లేకుండా ఒకదాంట్లో ఒకటి గుచ్చి, వాలు సరిచూసి, ప్రతి అతుకు మీదా అడ్డంగా పెన్సిల్ గీత గీస్తాడు. తరవాత ఒక్కొక్కటే విడదీసి, ఊదా రంగు ప్రైమర్ పూసి, దాని మీద సొల్యూషన్ అనే జిగురు పూసి, మళ్ళీ గుచ్చి, రెండు వైపుల గీతా కలిసేదాకా తిప్పి, అరనిమిషం కదలకుండా పట్టుకోవాలి. జిగురు పెట్టని అతుకు కూడా పట్టి చూస్తే గట్టిగానే ఉంటుంది. ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది కూడా. దాని మోసమంతా అక్కడే ఉంది.

ఈ పద్ధతి ఇద్దరిది. గీత గీయడం అతని వంతు, అతికించడం వాళ్ళ బావ వంతు. బావంటే పెద్దక్క మొగుడు. అతుకు పూర్తవగానే బావ పైనుంచి నంబరు అరిచేవాడు. పెన్సిల్ అదే నంబరు తిరిగి అరిచి, గీజర్ వెనక గోడ మీద ఒక టిక్కు పెట్టేవాడు. నంబరుకు బదులు రాకపోతే పని అక్కడే ఆగాలి. బావ పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు పెన్సిల్ ఒక్కడే నంబరు అరిచి, తానే బదులు చెప్పుకుంటాడు. చూసినవాళ్ళు పక్కకు తిరిగి నవ్వుకుంటారు. నవ్వుకోనీ, పోయేదేముంది అనుకుంటాడు.

ఆ రోజు పొద్దున్న ఏడున్నరకు వెళ్ళిన ఇల్లు అతనికి కొత్తగానే అనిపించింది. ముందు వైపు పాలరాతి మెట్లు, గోడలకు లేత పసుపు రంగు, పైన కొత్తగా వేసిన అంతస్తు. తలుపు తీసింది ఆ ఇంటి కోడలు. తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని ఉంది.

"కాసేపు ఆగాలండీ. పిల్లల స్నానాలు అవుతున్నాయి. అయ్యాక పాత గీజర్ ఆపేస్తే మీరు మొదలుపెట్టొచ్చు."

"ఆగుతానమ్మా. ఈలోపు గొట్టాలు ఎటు నుంచి ఎటు పోవాలో చూసుకుంటాను."

కొత్త గీజర్ అట్టపెట్టెలో హాల్లోనే ఉంది. దానికి రెండు గొట్టాలు కావాలి. ఒకటి పొగ వదలడానికి, ఇంకొకటి బయటి గాలి పీల్చుకోవడానికి. పాతదానికి పొగ గొట్టం ఒక్కటే. గాలి మాత్రం ఇంట్లోదే వాడుకునేది.

"రెండూ వెనక గదిలో ఫాల్స్ సీలింగ్ మీదుగా వెళ్ళి అవతలి గోడలోంచి బయటికి పోవాలి. వేరే దారి లేదు" అన్నాడు పెన్సిల్, వంటింటి పక్కన చిన్న గదిలో పాత గీజర్ చుట్టూ చూసి.

కోడలు ముఖం ముడుచుకుంది. "అదేనండీ ఇబ్బంది. ఆ గది మా అత్తయ్యది. సీలింగ్ ముట్టుకోనివ్వనని పట్టుబట్టి కూర్చుంది. గీజర్ మార్చొద్దని నెల రోజులుగా ఒకటే గొడవ."

"పెద్దవాళ్ళకి పాత వస్తువులంటే ప్రేమ కదమ్మా."

"వస్తువు మీద ప్రేమ అయితే బాగుండేది." గొంతు తగ్గించింది. "మూడేళ్ళ క్రితం మా మామయ్యగారు ఆ గదిలోనే, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. గుండె అన్నారు డాక్టరు. ఇప్పుడాయన రోజూ పొద్దున్నే వస్తున్నారంటుంది ఈవిడ. మేం వేడినీళ్ళు పోసుకునే వేళకి వచ్చి, స్నానాలు అయిపోయాక వెళ్ళిపోతారట. గీజర్ మారిస్తే రారని భయం. ఈ చలికాలం నుంచి మనిషి నానాటికీ తీసిపోతోంది. పొద్దున్నే తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటుందట, మధ్యాహ్నానికి కాస్త తేరుకుంటుంది. వయసు అంటున్నారు. గది మార్చుదామంటే కదలదు. మీరైనా మంచి మాటలు చెప్పి ఒప్పించండి."

గొట్టాలవాడికి ఇదో అదనపు పని. అతను చెవి మీది పెన్సిల్ సవరించుకుని వెనక గదికి వెళ్ళాడు.

తలుపు మూసి ఉంది. తోసేసరికి వెచ్చటి గాలి ముఖానికి తగిలింది. కిటికీ గట్టిగా మూసి, సందుల్లో గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి. మంచం మీద దుప్పటి కప్పుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. బుగ్గలు మాత్రం ఎర్రగా, ఆరోగ్యంగా కనిపించాయి. ఎదురుగా చేతులున్న చెక్క కుర్చీ ఒకటి, మంచం వైపు తిప్పి వేసి ఉంది.

"నమస్కారం అమ్మగారూ. గొట్టాలవాణ్ణి. ఒకసారి సీలింగ్ చూసి పోతాను." టేపు విప్పుతూ కుర్చీ మీద చెయ్యి వేశాడు.

"దాంట్లో కూర్చోకు నాయనా. ఆయనొచ్చే వేళయింది."

పెన్సిల్ చెయ్యి తీసేశాడు. తనే నవ్వబోయాడు గాని, ఆవిడ అన్న తీరులో నవ్వుకు చోటు లేదు. బస్సు వచ్చే వేళయిందన్నంత మామూలుగా అంది.

"వచ్చి ఏం చేస్తారండీ?"

"ఏం చేస్తారు, కూర్చుంటారు. బతికున్నప్పుడైనా ఏం చేశారు గనక. నలుగురి మధ్యా కబుర్లు మోయడమే ఆయన పని. ఇప్పుడు అదీ లేదు, లెక్కపెడతారు."

"డబ్బులా?"

"డబ్బులెక్కడివి? ఉత్త అంకెలు. ఒకటి అంటారు, కాస్త ఆగుతారు. రెండు అంటారు. అలా ఆరు దాకా వస్తారు. ఆరు దగ్గర ఆగి నా వంక చూస్తారు, నేనేదో అందించాలన్నట్టు. నాకేం తెలుసు? మళ్ళీ ఒకటి నుంచి మొదలు." ఉన్నట్టుండి ఆవిడ కుర్చీ వైపు చూసింది. పెదవులు మెల్లగా కదిలాయి. "అదుగో. రెండు అయింది."

స్నానాల గదిలో నీళ్ళు పడుతున్న చప్పుడు, గోడలో గొట్టాలు వేడెక్కి చిటచిటమంటున్న చప్పుడు వినబడుతున్నాయి. కుర్చీ ఖాళీగా ఉంది. పెన్సిల్‌కి కణతల దగ్గర నరం కొట్టుకోవడం మొదలైంది. రాత్రి నిద్ర చాల్లేదనుకున్నాడు. ఆవిడ మూడు అంది, నాలుగు అంది. ఒక్కో అంకెకీ మధ్య కొంత ఎడం. ఆ ఎడం అతనికి బాగా అలవాటైన ఎడం. ప్రైమర్ పూసి, సొల్యూషన్ పూసి, తిప్పి, పట్టుకుని వదలడానికి పట్టేంత.

"ఆరు" అంది ఆవిడ, తలెత్తి అతని వంక చూసింది. "ఈసారి నా వంక కాదు నాయనా, నీ వంక చూస్తున్నారు."

పెన్సిల్ టేపు చుట్టేశాడు. ఇప్పుడే వస్తానని గొణిగి బయటపడ్డాడు.

నేరుగా గీజర్ గదిలోకి వెళ్ళి, డబ్బాకీ గోడకీ మధ్య సందులోకి టార్చి కొట్టాడు. ఇంటికంతా రంగులు మార్చినవాళ్ళు గీజర్ వెనక మార్చలేదు, ఎవరూ మార్చరు. పాత సున్నం మీద పెన్సిల్ టిక్కులు వరసగా పదకొండు ఉన్నాయి. ఆరు నిటారుగా, ఒకే కొలతలో ఉన్నాయి. ఏడోది వంకరగా, మిగతావాటికన్నా నొక్కి పెట్టినట్టు ఉంది.

ఎనిమిదేళ్ళ నాటి ఆ రోజు మొత్తం కళ్ళముందుకొచ్చింది.

అప్పటికి మూడు రోజులుగా బావకీ అతనికీ మాటల్లేవు. తగువు ఒక నిచ్చెన గురించి. అంతకుముందు పనిచేసిన ఇంట్లో మంచి అల్యూమినియం నిచ్చెన మర్చిపోయి వచ్చారు. నువ్వంటే నువ్వని మొదలై, అక్కని మధ్యలోకి లాగేదాకా వెళ్ళింది. ఇద్దరూ ఒకే బండిలో వచ్చేవాళ్ళు, ఒకే డబ్బాలో తినేవాళ్ళు, మూతులు మాత్రం చెరోవైపు. నలభై దాటిన మగవాళ్ళు అలిగితే చిన్నపిల్లలు ఏ పాటి. మాటలే లేనప్పుడు నంబర్లు ఎవరు అరుస్తారు, ఎవరు బదులు చెప్తారు? ఆ ఇంటి పెద్దాయన ఈ తమాషా అంతా కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. ఆయనకు భలే సరదా వేసింది. మధ్యవర్తిత్వం తనే పుచ్చుకున్నాడు.

"అయ్యా, ఒకటి అయిందని ఆ మహానుభావుడికి చెప్పండి" అనేవాడు బావ సీలింగ్ లోంచి.

"ఒకటి అయిందంటున్నారండీ" అని పెద్దాయన గీజర్ గది వైపు తిరిగి కేకేసేవాడు.

"విన్నానని చెప్పండి" అనేవాడు పెన్సిల్, టిక్కు పెట్టి.

అలా ఆరు దాకా నడిచింది. అప్పుడు వంటింట్లోంచి ఎవరో కాఫీకి పిలిచారు. పెద్దాయన లేచి వెళ్ళాడు. బావ కూడా దిగి తన గ్లాసు తీసుకుని వరండాలోకి పోయాడు. కాఫీ తాగి బావ మళ్ళీ పైకెక్కాక పెద్దాయన నోట వచ్చిన మొదటి కబురు "ఎనిమిది అయిందంటున్నారండీ" అని.

పెన్సిల్ గోడ వంక చూశాడు. టిక్కులు ఆరే ఉన్నాయి. ఏడు ఏమైందని అడగాలి. అడిగితే తను మొదట మాట్లాడినట్టవుతుంది. కాఫీకి ముందే అతికించి ఉంటాడులే, తెలియనివాడా, అనుకుని ఏడో టిక్కు తనే పెట్టేశాడు. ఆ తరవాత ఎనిమిది.

వారం తిరక్కుండా నిచ్చెన దొరికింది. బావా అతనూ కలిసిపోయారు. ఏడో టిక్కు సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నిజానికి అది మళ్ళీ గుర్తుకే రాలేదు, ఈ పొద్దుటి దాకా.

సంచిలోంచి విషవాయువుని పసిగట్టే మీటరు తీసి ఆన్ చేశాడు. వంటింట్లో అంకె ఊరికే అటూ ఇటూ ఆడింది. వెనక గది గడప దగ్గర అది కీచుమని అరిచింది.

తరవాత జరిగినవన్నీ చేతులే చేశాయి. గ్యాస్ కట్టేశాడు. గదిలోకి దూసుకెళ్ళి కిటికీ సందుల్లోని పేలికలు లాగేసి, రెక్క రాకపోతే సుత్తితో కొట్టి తెరిచాడు. పెద్దావిడను దుప్పటితో సహా ఎత్తుకుని వరండాలోకి తెచ్చాడు. దూదిపింజెలా తేలిగ్గా ఉంది. కోడలు పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ?"

"పొగ లోపలికి కారుతోందమ్మా. ఈవిణ్ణి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గ్యాస్ పొగ పీల్చిందని చెప్పండి, వయసు అంటే ఊరుకోకండి. పిల్లల్నీ చూపించండి."

కారెక్కిస్తుంటే పెద్దావిడ అతని చొక్కా పట్టుకుంది. "కిటికీ తెరిచావా? ఆయన వెళ్ళిపోతారు నాయనా" అంది. ఆవిడకు కోపం కూడా రాలేదు. కళ్ళనిండా నీళ్ళు మాత్రం తిరిగాయి.

వాళ్ళు వెళ్ళాక ఇంట్లో అతనొక్కడే మిగిలాడు. తలుపులన్నీ బార్లా తెరిచి కాసేపు ఆగి, నిచ్చెన వేసి, సీలింగ్ పలక జరిపి, తల లోపల పెట్టాడు. టార్చి వెలుగులో పాత పొగ గొట్టం బూజు పట్టి కనిపించింది. ప్రతి అతుకు దగ్గరా ఊదా రంగు మరక ఉంది. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ జరిగాడు. ఆరోది దాటాక ఒక దూలం అడ్డం వచ్చింది. దూలానికి అవతల, గొట్టం మలుపు తిరిగేచోట, ఒక ఎల్బో ముక్క ఉంది. దానికి మరక లేదు. తన పెన్సిల్ గీత మాత్రం నిన్న గీసినంత నల్లగా ఉంది. గొట్టం మీది సగానికీ ఎల్బో మీది సగానికీ మధ్య బొటనవేలంత ఎడం వచ్చేసింది. పక్కనున్న క్లాంపు మేకు వదులై, గొట్టం ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా జారింది. ఆ సందుకి సరిగ్గా కింద కుర్చీ ఉంది.

మూడేళ్ళ క్రితమే ఈ సందు ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. పెద్దాయనది నిజంగా గుండేనేమో. కాకపోవచ్చు కూడా. ఆ రెండో మాట తట్టాక పెన్సిల్ టార్చి ఆపేశాడు. నిచ్చెన మీదే కూలబడి దూలానికి తల ఆనించాడు.

అప్పుడే కింద కుర్చీ కిర్రుమంది. బరువైన మనిషి వెనక్కి వాలి సర్దుకున్నప్పుడు చేసే చప్పుడు. చటుక్కున కిందికి చూస్తే కుర్చీ ఉన్నట్టే ఉంది. కిటికీలో పెట్టిన మీటరు ఇంకా సున్నాకు దిగలేదు. గ్యాస్ తలకెక్కింది, అంతే, అని పైకే అనుకుని కిందికి దిగాడు.

పాత గొట్టం ముక్కలుగా కోసి పెరట్లో పడేశాడు. ఏడో అతుకుని మాత్రం పడేయలేదు. సంచిలో అడుగున పెట్టి, పైన గుడ్డ కప్పాడు. ఎందుకు దాస్తున్నాడో తెలియనంత అమాయకుడేం కాదు.

కొత్త గొట్టాల పని మొదలుపెట్టాడు. అవతలి గోడకు రెండు కన్నాలు వేశాడు. పొగ గొట్టం చివర పైకి, గాలి గొట్టం చివర దానికి దూరంగా, మూతి నేలవైపు వంచి. మరీ దగ్గరగా పెడితే గీజర్ తను వదిలిన పొగ తనే పీల్చుకుంటుంది. ఇంటి కిటికీకి రెండూ ఎడంగా ఉండాలి. పొగ గొట్టానికి గీజర్ వైపు వాలు ఉండాలి, లోపల చేరే నీరు వెనక్కి కారి వచ్చేటట్టు. రసమట్టం పెట్టి ప్రతి మూరకీ చూసుకున్నాడు. జిగురు లేకుండా అన్నీ గుచ్చి, గీతలు గీసేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఇంత నిదానంగా ఎప్పుడూ పని చేయలేదు.

కారు చప్పుడైంది. పెద్దావిడ కోడలి చెయ్యి పట్టుకుని తనే నడిచి వచ్చింది. బుగ్గల ఎరుపు తగ్గి, ముఖం మనిషి ముఖంలా ఉంది.

"ఆక్సిజన్ పెట్టారండీ" అంది కోడలు. "ఇంకో వారం ఇలాగే ఉంటే దక్కేది కాదన్నారు. పిల్లలకేం కాలేదు. మీరు దేవుడిలా వచ్చారు. గొట్టం బాగా పాతబడిపోయిందా?"

దారి ఆవిడే చూపించింది. అవునంటే చాలు. "అవునమ్మా" అన్నాడు పెన్సిల్.

పెద్దావిడ తన గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుంది. తెరిచిన కిటికీని, ఖాళీ కుర్చీని మార్చి మార్చి చూసింది. "ఇంక రారు కదూ" అంది, ఎవరినీ అడగకుండా.

ఆ మాటకి పెన్సిల్‌కి, ఒక మనిషిని తను ఒకసారి తీసుకుపోయి, తిరిగొచ్చినవాణ్ణి ఈ పూట మళ్ళీ వెళ్ళగొట్టినట్టు అనిపించింది. పైగా దేవుడని పేరు. సంచి తెచ్చి, గుడ్డ తీసి, ఏడో అతుకుని మంచం మీద ఆవిడ పక్కన పెట్టి, నేల మీద కూర్చున్నాడు.

"పాతబడటం కాదమ్మగారూ. ఎనిమిదేళ్ళ క్రితం ఈ గొట్టాలు వేసింది నేనూ మా బావా. ఈ ఒక్క అతుక్కి జిగురు పెట్టలేదు. పెట్టలేదేమోనని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. అడిగితే చిన్నతనమని అడగలేదు. అయ్యగారిది గుండే అయి ఉండొచ్చు. దీనివల్లే పోయి ఉండొచ్చు. నాకు తెలియదు. తెలియదు గనక దాచుకోవడం సులువు. దాచలేకపోతున్నాను."

తరవాత అంతా చెప్పాడు. నిచ్చెన సంగతి, మాటలు మానేసిన సంగతి, కబుర్లు మోసిన పెద్దాయన సంగతి, ఆరు తరవాత కాఫీ సంగతి.

కోడలు గడప దగ్గర నిలబడి వింది. "లేవండి" అంది. "ముందు మా ఇంట్లోంచి వెళ్ళండి. మా ఆయన వచ్చాక ఏం చెయ్యాలో చూస్తాం. మిగతా పని ఇంకెవరినైనా పిలిచి చేయించుకుంటాం."

పెన్సిల్ లేచాడు. న్యాయమే కదా. టేపు, పెన్సిల్ డబ్బా సంచిలో వేసుకుంటున్నాడు.

"ఆగు" అంది పెద్దావిడ. అతుకుని ఒళ్ళో పెట్టుకుని గీత మీద వేలు పెట్టింది, రెండో గీత మీద ఇంకో వేలు పెట్టింది. "ఆ రోజు కాఫీకి పిలిచింది నేనే" అంది చివరికి. "చల్లారిపోతుందని రెండుసార్లు కేకేశాను. కాసేపుండవే, మంచి రసపట్టులో ఉంది అన్నారాయన. నేను ఊరుకోలేదు."

పెద్దావిడ అతుకుని ఒళ్ళోంచి తీసి మంచం మీద పెట్టింది.

"నువ్వు చేసిన దాన్ని నేను మర్చిపోను నాయనా. మర్చిపోయానని నువ్వూ అనుకోకు. అబ్బాయికి చెప్పవే అమ్మాయ్, చెప్పాల్సిందే. కానీ ఈ ఇంట్లో గొట్టాలు సగంలో వదిలేసి వెళ్ళడం ఇంకోసారి జరగడానికి వీల్లేదు. పైకెక్కు. అన్నీ నేను వినేలా లెక్క చెప్పు. నేను బదులిస్తాను."

కోడలు అత్తగారి ముఖం చూసింది. చేతులు కట్టుకుని గడప దగ్గరే నిలబడింది.

పెన్సిల్ నిచ్చెన ఎక్కాడు. ప్రైమర్ డబ్బా, సొల్యూషన్ డబ్బా పక్కన పెట్టుకున్నాడు. మొదటి అతుకు విడదీసి, పూసి, గుచ్చి, గీతలు కలిపి పట్టుకున్నాడు.

"ఒకటి."

"ఒకటి" అంది కిందినుంచి పెద్దావిడ.

"రెండు."

"రెండు."

రెండేళ్ళ తరవాత నంబరుకు బదులు వస్తోంది. గొంతు వేరైనా, అతని చేతులకు పాత లయ తిరిగొచ్చింది. మూడు, నాలుగు, ఐదు. సొల్యూషన్ ఘాటుకి కళ్ళు మండుతున్నాయి. అది సొల్యూషన్ వల్లే అనుకున్నాడు. ఆరు అన్నాడు, ఆరు అని వినబడింది. ముందుకు వంగి, దూలం మీదుగా చెయ్యి చాపి, దొరికిన అతుకు విడదీసి, పూసి, తిప్పి, పట్టుకున్నాడు.

"ఏడు."

కిందినుంచి బదులు రాలేదు.

"ఏడు, అమ్మగారూ."

కాస్త ఆగి, మెల్లగా, కబురు అందిస్తున్నట్టుగా అందావిడ. "ఇంకా కాలేదంటున్నారు."

పెన్సిల్ తల వంచి చూశాడు. ఆవిడ అతని వైపు చూడటం లేదు. ఎదుటి కుర్చీ వైపు చూస్తోంది. ముఖంలో పొద్దుటి మైకం లేదు, మంచి తెలివి ఉంది. కిటికీ లోంచి చల్లటి గాలి వచ్చి దుప్పటి అంచు ఎగురుతోంది. కిటికీలో మీటరు మీద సున్నా ఉంది. గీజర్ ఇంకా గోడకు తగిలించనే లేదు. గడప దగ్గర కోడలు చేతులు విప్పేసి, గోడకు అంటుకుని నిలబడింది. ఆవిడ కూడా కుర్చీ వైపే చూస్తోంది.

పెన్సిల్ టార్చి అందుకుని దూలం అవతలికి కొట్టాడు. తను ఇప్పుడు అతికించింది ఎనిమిదోది. దూలానికి ఆనుకుని, దాని నీడలో, ఒక ఎల్బో ఉంది. గీత నల్లగా ఉంది. ఊదా మరక లేదు. ఎనిమిదేళ్ళ క్రితం, ఏడోది కాఫీకి ముందే అయిపోయిందనుకుని, బావ చెయ్యి కూడా ఇదే దూలం మీదుగా, ఇదే దూరం చాచి, దీన్ని దాటిపోయింది.

దూలం కిందికి సగం ఒరిగి, రెండు చేతులూ దూర్చి, దాన్ని విడదీశాడు. ప్రైమర్ వేళ్ళ మీదుగా కారింది. సొల్యూషన్ చుట్టూ తిప్పి పూశాడు. గుచ్చి, గీత గీతతో కలిసేదాకా తిప్పాడు. అరనిమిషం పట్టుకోవాల్సింది రెండు నిమిషాలు పట్టుకున్నాడు.

"ఏడు" అన్నాడు.

పెద్దావిడ కుర్చీ వైపు చూసింది. ఎవరో తల ఊపేదాకా ఆగినట్టు ఆగింది.

"ఏడు అయిందంటున్నారు" అంది.

"విన్నానని చెప్పండి" అన్నాడు పెన్సిల్, కుర్చీ వైపు చూడకుండా, తొమ్మిదో అతుకు అందుకున్నాడు.